కొండెక్కిన రేడియో

(విశాఖపట్నంలో ఒక ట్రెక్కింగ్ బృందం, కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి పెట్టుకున్న సాయంకాలం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ట్రెక్కింగ్ బూట్లు కనిపిస్తున్నాయి, వెనక వరుసల్లో ల్యాప్‌టాప్‌లు కనిపిస్తున్నాయి. మంచిదే. నేను చెప్పబోయే పనికి రెండు జట్లూ కావాలి. కొండెక్కే కాళ్లూ కావాలి, సోల్డరింగ్ ఐరన్ పట్టే చెయ్యీ కావాలి. ఒకళ్లకి రెండూ ఉంటే మరీ మంచిది, లేకపోతే ఇవాళ టీ బ్రేక్‌లో ఒకళ్లనొకళ్లు వెతుక్కోండి.

హామ్ రేడియో గురించి అసలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత కాల్ సైన్‌తో, అంటే మనకంటూ ఇచ్చిన గుర్తింపు అక్షరాలతో, వైర్‌లెస్‌లో మాట్లాడుకోవడం. దీంట్లో వ్యాపారం కూడదు. మొబైల్ టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మన దేశంలో కాల్ సైన్లు ఎక్కువగా వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారి బృందం ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లి, పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టుకుని ప్రపంచమంతటితో మాట్లాడుతూ ఉండగా 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. వాళ్ల రేడియో ద్వారానే కబుర్లు బయటికి, లోపలికి నడిచాయి. ఈ కథ మీలో చాలామంది వినే ఉంటారు.

హామ్ రేడియో అనగానే సభల్లో అందరూ తుఫాన్లు, వరదలు, సునామీల గురించే చెబుతారు. నాకు అదంటే గౌరవమే. కానీ ఒక్క విషయం మర్చిపోతాం. ఆ బృందం అండమాన్ వెళ్లింది సునామీ కోసం కాదు, సరదా కోసం. సామాను మోసుకెళ్లి, కొత్త చోట వైరు కట్టి, చిన్న కరెంటుతో మాట్లాడటం అలవాటైనవాళ్లు కాబట్టే ఆ రోజు పనికొచ్చారు. అందుకని నేను ఇవాళ సరదా గురించే మాట్లాడతాను.

నేను చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్‌లో ఉంటున్నాను. ఫ్లాట్‌లో. ఇక్కడ మీలో చాలామందీ అంతే కదా. ఫ్లాట్‌లో ఉండే హామ్‌కి రెండు కష్టాలు. మొదటిది యాంటెన్నా కట్టుకోవడానికి చోటు లేకపోవడం. 40 మీటర్ల బ్యాండ్ అని ఒకటుంది, 7 మెగాహెర్ట్జ్ దగ్గర. దానికి సగం తరంగం పొడవు వైరు కావాలంటే 20 మీటర్లు. బాల్కనీలో 20 మీటర్ల వైరు ఎక్కడ పెడతారు? డాబా మీద కట్టుకుంటామంటే అసోసియేషన్ సెక్రటరీ ఒప్పుకోరు. ఈ విషయంలో ఇంగ్లండ్ సెక్రటరీలకూ ఇండియా సెక్రటరీలకూ తేడా ఏమీ లేదు. (నవ్వులు)

రెండో కష్టం ఇంకా పెద్దది, అది కంటికి కనబడదు. రద్దీ. చెవికి వినిపించే రద్దీ గురించి చెప్పడం లేదు, రేడియో రద్దీ. ప్రతి ఎల్ఈడీ బల్బు, ప్రతి ఫోన్ ఛార్జరు, లిఫ్ట్ మోటారు, పక్కింటి సోలార్ ఇన్వర్టర్, అన్నీ కలిసి షార్ట్‌వేవ్‌ని బుర్‌ర్ మనిపిస్తూ ఉంటాయి. రేడియో మీద ఎస్-మీటర్ అని ఉంటుంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా గీతలు. ఒక్కో గీతకి సిగ్నల్ శక్తి నాలుగు రెట్లు పెరిగినట్టు లెక్క. మా ఇంట్లో ఎవరూ మాట్లాడకపోయినా ముల్లు ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో నిలబడి ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ మేళం పక్కన నిలబడి, వీధి చివర ఎవరో గుసగుసలాడుతుంటే వినమన్నట్టు ఉంటుంది.

ఈ రెంటికీ ఒకటే మందు. రేడియో సంచీలో వేసుకుని కొండెక్కడం.

దీనికి ఒక పద్ధతి, ఒక ఆట ఉన్నాయి. పేరు సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్. అందరూ సోటా అంటారు. జాన్ లిన్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ హామ్‌కి వచ్చిన ఆలోచన. 2002 మార్చి 2న ఇంగ్లండ్, వేల్స్ కొండలతో మొదలైంది, తర్వాత చాలా దేశాలకు పాకింది. జాబితాలో ఉన్న శిఖరం ఎక్కి అక్కణ్నుంచి మాట్లాడేవాణ్ని యాక్టివేటర్ అంటారు. ఇంట్లో కూర్చుని వాళ్లని వెతికి పట్టుకునేవాణ్ని ఛేజర్ అంటారు. కొండ ఎత్తును బట్టి ఒకటి నుంచి పది దాకా పాయింట్లు. యాక్టివేటర్‌గా వెయ్యి పాయింట్లు చేస్తే మౌంటెన్ గోట్ అంటారు, కొండమేక అన్నమాట. ఇంట్లో కూర్చుని వెయ్యి చేసినవాళ్లకి ఇచ్చే బిరుదు షాక్ స్లాత్. షాక్ అంటే హామ్‌లు రేడియో పెట్టుకునే గది. స్లాత్ అంటే చెట్టుకి వేలాడుతూ కదలని ఆ జంతువు. బిరుదులు ఇచ్చినవాళ్లకి హాస్యం ఉంది. ఒక కొండకి ఏడాదికి ఒకసారే పాయింట్లు కాబట్టి ఇంటి పక్క గుట్ట ఎక్కుతూ దిగుతూ మేక అయిపోవడం కుదరదు.

నిబంధనలు కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆట రుచి అంతా వాటిలోనే ఉంది. కారులో కూర్చుని మాట్లాడకూడదు. శిఖరం దాకా కారు రోడ్డు ఉన్నా సరే, చివరి భాగం నడిచి, సామాను మోసుకుని వెళ్లాలి. జెనరేటర్ కూడదు, అక్కడ ప్లగ్ పాయింట్ ఉన్నా వాడకూడదు. బ్యాటరీ, సోలార్ పలక అయితే సరే. సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ద్వారా మాట్లాడితే లెక్కలోకి రాదు, మీ సిగ్నల్ నేరుగా అవతలివాళ్లకి చేరాలి. పాయింట్లు రావాలంటే కనీసం నలుగురితో మాట్లాడాలి. ఇంకొకటి, అచ్చంగా శిఖరపు కొన మీదే కూర్చోవాలని లేదు. కొన నుంచి కిందికి 25 మీటర్ల ఎత్తు తేడా లోపల ఎక్కడైనా కూర్చోవచ్చు.

ఈ 25 మీటర్ల నిబంధన విలువ ఏమిటో మీకు మా కొండ చెబుతుంది. మాంచెస్టర్ పక్కన పీక్ డిస్ట్రిక్ట్ అని నేషనల్ పార్క్ ఉంది. 1951లో బ్రిటన్‌లో ఏర్పడ్డ మొట్టమొదటి నేషనల్ పార్క్ అదే. దాంట్లో అన్నిటికంటే ఎత్తైనది కిండర్ స్కౌట్, 636 మీటర్లు. మన పాడేరు వైపు కొండలు చూసినవాళ్లకి ఇది గుట్టలా అనిపిస్తుంది, నవ్వకండి. మాంచెస్టర్‌లో రైలెక్కి ఈడేల్ అనే చిన్న ఊళ్లో దిగుతాను. గొర్రెలు, రాతి గోడలు, ఒక వాగు. జేకబ్స్ ల్యాడర్ అనే రాతి మెట్ల దారి ఉంది, అది ఎక్కితే పైకి చేరతాం. పైన కొన అంటూ ఏమీ లేదు. మైళ్ల కొద్దీ బల్లపరుపు. నేలంతా పీట్. నాచు వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న నల్లటి మెత్తటి నేల అది. వాన పడితే మోకాలి దాకా దిగుతుంది. అసలైన 636 మీటర్ల చోటు ఆ బురద మధ్యలో ఎక్కడో ఉంటుంది, చూడటానికి అక్కడ ఏమీ లేదు. చాలామంది హామ్‌లు అక్కడికి పోరు. దారి పక్కనే కిండర్ లో అనే చోట సర్వేవాళ్ల స్తంభం ఉంది, 633 మీటర్లు. కొన కంటే మూడు మీటర్లే తక్కువ. చుట్టూ పెద్ద పెద్ద ఇసుకరాయి బండలు. గాలి ఎటు నుంచి వస్తే అటు బండ అడ్డం పెట్టుకుని కూర్చుంటే నిబంధనా చెల్లుతుంది, వేళ్లూ పనిచేస్తాయి. అక్కడి గాలిని తేలిగ్గా తీసుకోకూడదు. దగ్గర్లో కిండర్ డౌన్‌ఫాల్ అనే జలపాతం ఉంది. పడమటి గాలి గట్టిగా కొడితే దాని నీళ్లు కిందపడకుండా వెనక్కి, పైకి ఎగురుతాయి.

ఆ కొండ గురించి ఒక పక్కదారి కథ. 90 ఏళ్ల కిందట అయితే నేను అక్కడ కూర్చునేదాన్ని కాదు. ఆ నేలంతా భూస్వాములు పక్షుల వేటకి అట్టిపెట్టుకున్నది, మామూలు జనం అడుగు పెట్టకూడదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే కుర్రవాడి వెంట వందల మంది, ఎక్కువగా మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు, కావాలనే హద్దు దాటి కొండెక్కారు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి జైలు పడింది. ఆ తర్వాత 1949 చట్టం, 2000 సంవత్సరం చట్టం వచ్చాయి. ఇప్పుడు ఆ కొండ మీద ఎవరైనా నడవచ్చు. ట్రెక్కింగ్ మిత్రులకి ఈ కథ ఎందుకు చెప్పానంటే, కొండ ఎక్కే హక్కు ఎవరో పోట్లాడితే వచ్చింది. దాన్ని చెత్త పారేసి, బండలకి మేకులు కొట్టి పోగొట్టకూడదు. సర్వే స్తంభానికి నా యాంటెన్నా కర్ర కట్టను. ఎందుకంటే అంత దూరం నడిచొచ్చినవాళ్లు దాన్ని ముట్టుకుని ఫోటో దిగాలనుకుంటారు. మధ్యలో నా వైర్లు ఎందుకు?

సరే, సామాను. సంచీలో ఏముంటుంది? రేడియో. ఈ ఆటలో ఏళ్ల తరబడి అందరి సంచీల్లో కనబడింది యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-817. ఐదు వాట్లు, బరువు కిలో పైచిలుకు. ఇప్పుడు ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 లాంటివి అరకిలో కూడా ఉండవు. ఐదు వాట్లంటే మీ ఇంట్లో చిన్న ఎల్ఈడీ బల్బు పాటి కరెంటు. తర్వాత లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. చలికి బ్యాటరీ చప్పబడిపోతుంది కాబట్టి దాన్ని జాకెట్ లోపల పెట్టుకుంటాను. తర్వాత కర్ర. చేపలు పట్టే గాలపు కర్ర ఉంటుంది చూడండి, ఒకదాంట్లోంచి ఒకటి బయటికి లాగేది, ఆరేడు మీటర్లది. ఫైబర్‌గ్లాస్‌ది కొనాలి. కార్బన్‌ది తేలిగ్గా ఉంటుంది, ముచ్చటగా ఉంటుంది, కానీ దాంట్లో కరెంటు పారుతుంది. పక్కనే ఉన్న వైరుని పాడు చేస్తుంది.

ఇంజనీరింగ్ పిల్లలు, వైరు లెక్క రాసుకోండి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సగం తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 14 మెగాహెర్ట్జ్‌కి సుమారు పది మీటర్లు. కర్ర కొన మీదుగా ఆ వైరుని అటూ ఇటూ నేల వైపు దించితే తలకిందులైన వీ ఆకారం. వైరు చివర్లో, దాన్ని రేడియోకి సరిపోయేలా చేయడానికి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అగ్గిపెట్టెకి కాస్త పెద్ద సైజు, 49కి 1 నిష్పత్తిది. ఫెర్రైట్ రింగు మీద రాగి తీగ చుట్టుకుని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ యాంటెన్నా మొత్తం ఖరీదు ఒక మంచి భోజనం బిల్లు దాటదు. రేడియో ఖరీదు వేరే సంగతి, దాని గురించి నన్ను అడగకండి. మా ఆయనకి కూడా పూర్తిగా చెప్పలేదు. (నవ్వులు)

ఐదు వాట్లతో ఏం వినబడుతుందని మీ అనుమానం. ఇంట్లో పెట్టుకునే పెద్ద సెట్లు 100 వాట్లవి. ఇరవై రెట్లు తేడా. కానీ ఎస్-మీటర్ మీద ఒక్కో గీతా నాలుగు రెట్లని చెప్పాను కదా. నాలుగు నాళ్లు పదహారు. అంటే రెండు గీతల పైన కాస్త. 100 వాట్లతో తొమ్మిదో గీత దాకా వినబడేవాడు ఐదు వాట్లతో ఏడో గీత దగ్గర వినబడతాడు. అంతే తేడా! కరెంటు పెంచడానికి పెట్టే డబ్బు దండగ అని నేను అనను కానీ, అదే డబ్బుతో బూట్లు కొనుక్కోమంటాను.

కొండ ఏం చేస్తుందో ఇప్పుడు చూద్దాం. రెండు రకాలుగా చేస్తుంది, బ్యాండ్‌ని బట్టి. వీహెచ్ఎఫ్, అంటే 145 మెగాహెర్ట్జ్ లాంటివి, దాదాపు కంటిచూపు వెళ్లినట్టే వెళతాయి. భూమి వంపు అడ్డం వస్తే ఆగిపోతాయి. దీనికి తేలికైన లెక్క ఉంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే హద్దు కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషి తల ఎత్తుకి ఐదు కిలోమీటర్లు. కిండర్ మీద నుంచి 104 కిలోమీటర్లు! మాంచెస్టర్, షెఫీల్డ్, లివర్‌పూల్ అన్నీ లోపలే. వేల్స్‌లో 1085 మీటర్ల స్నోడన్ మీద ఇంకో హామ్ ఉంటే అతని హద్దు 136. రెండూ కలిపితే 240. మా మధ్య దూరం 150 దాకా, కాబట్టి చేతిలో పట్టే హ్యాండీ సెట్‌తో కూడా మాట్లాడుకోవచ్చు. రెండు శిఖరాల మీద ఉన్నవాళ్లు ఇలా కలిస్తే దాన్ని సమ్మిట్ టు సమ్మిట్ అంటారు. ఇద్దరికీ గాలి చప్పుడు, ఇద్దరికీ వణుకు, ఇద్దరూ తొందరగా ముగిద్దామనే అంటారు, ఇద్దరూ ముగించరు.

మన అర్మ కొండ 1680 మీటర్లు. అదే లెక్క వేయండి. దాదాపు 169 కిలోమీటర్లు. మధ్యలో కొండ వరసలు అడ్డం రాకపోతే అని గుర్తుపెట్టుకోండి, తూర్పు కనుమల్లో అవి తప్పకుండా వస్తాయి.

అన్ని ఎత్తులూ మంచి చేస్తాయని కాదు. కిండర్‌కి ఉత్తరాన బ్లాక్ హిల్ అనే 582 మీటర్ల కొండ ఉంది. దాని పక్కనే హోమ్ మాస్ అనే పెద్ద ప్రసార టవర్. ఎఫ్ఎం రేడియోలన్నీ అక్కణ్నుంచే. చవక హ్యాండీ సెట్ పట్టుకుని ఆ కొండెక్కితే చెవుడు వచ్చేస్తుంది దానికి. టవర్ జోరుకి రిసీవర్ ఉక్కిరిబిక్కిరై, పక్క ఊరి హామ్ కూడా వినబడడు. యాంటెన్నాకీ రేడియోకీ మధ్య ఫిల్టర్ పెట్టుకుని వెళతారు తెలిసినవాళ్లు. మన దగ్గర కూడా అంతే, ఊరి పక్క గుట్ట ఎత్తుగా ఉందంటే దాని మీద ముందే టవర్లు మొలిచి ఉంటాయి.

షార్ట్‌వేవ్ దగ్గర కథ మారుతుంది. 14 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పైకి వెళ్లి, వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోవరణంలో వంగి, వెయ్యి రెండు వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. దానికి 600 మీటర్ల కొండ ఎత్తు ఏ మూలకి? అయినా కొండ ఉపయోగపడుతుంది. ఎలాగంటే, యాంటెన్నా ముందు నేల కిందికి జారిపోతూ ఉంటుంది కాబట్టి సిగ్నల్ దిగంతానికి దగ్గరగా, తక్కువ కోణంలో బయల్దేరుతుంది. తక్కువ కోణంలో వెళ్లింది ఎక్కువ దూరంలో దిగుతుంది. ఇక రెండోది, నాకు అసలు ప్రాణం అదే, నిశ్శబ్దం. మొదటిసారి పైన రేడియో ఆన్ చేసినప్పుడు యాంటెన్నా వైరు ఊడిందేమో అనుకుంటారు అందరూ. ముల్లు లేవదు. హెడ్‌ఫోన్‌లో సన్నటి ఇసుక రాలినట్టుంది, అంతే. కాస్త ట్యూన్ చేస్తే ఆ ఇసుకలోంచి స్పెయిన్, స్వీడన్, ఇటలీ లేచి వస్తాయి. పక్కనున్న లండన్ మాత్రం ఆ బ్యాండ్‌లో వినబడదు, మీద నుంచి దూకి వెళ్లిపోతుంది కాబట్టి. దగ్గరవాళ్లు కావాలంటే 7 మెగాహెర్ట్జ్‌కి దిగాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీరు ఆలోచించండి. నిశ్శబ్దం నా దగ్గరే ఉంది. వాళ్లు నాకు బ్రహ్మాండంగా వినబడతారు. నేను వాళ్లకి? ఐదు వాట్లతో, నూలుపోగు సిగ్నల్‌తో, వాళ్ల ఊళ్లో ఎల్ఈడీ బల్బుల రద్దీలో. అంటే ఈ ఆటలో కష్టమైన పని కొండెక్కినవాడిది అనుకుంటాం కానీ, చెవులు రిక్కించి ఆ పోగుని పట్టుకునేవాడిదే కష్టం. ఛేజర్లలో కొండలెక్కలేని వయసువాళ్లు ఎంతోమంది. మోకాళ్లు సహకరించవు, చెవులు మాత్రం అద్భుతం. బద్ధకపు జంతువు పేరుతో బిరుదు ఇచ్చారు కానీ, వాళ్లు లేకపోతే నేను కొండ మీద కూర్చుని గాలికి కబుర్లు చెప్పి దిగిరావాలి.

నేను ఎక్కువగా మోర్స్‌లోనే, అంటే చుక్కలు గీతల టకటకల్లోనే, చేస్తాను. కుర్రవాళ్లు మొహాలు చిట్లించకండి. మాటకి కావాల్సిన వెడల్పు కంటే మోర్స్‌కి ఎన్నో రెట్లు ఇరుకు ఛానెల్ చాలు, కాబట్టి అదే ఐదు వాట్లు దూరం పోతాయి. ఇంకో సదుపాయం ఉంది. రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అని ప్రపంచంలో చాలాచోట్ల స్వచ్ఛందంగా నడిపే రిసీవర్లు ఉన్నాయి. అవి కంప్యూటర్‌తో మోర్స్ వింటూ ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో పిలుస్తున్నారో రాసి పెడుతుంటాయి. ఫలానా కొండెక్కుతున్నానని ముందురోజు సోటా సైట్‌లో పెట్టి ఉంచితే, నేను పైనుంచి రెండుసార్లు పిలవగానే ఏదో ఒక రిసీవర్ పట్టుకుంటుంది, సైట్‌లో నా పేరు దానంతటదే పడుతుంది. మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. ఆ పేరు పడ్డ క్షణం నుంచి చూడాలి తమాషా! అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట ఇరవై మంది ఒకేసారి మీదపడతారు. ఒక్క అక్షరం కూడా విడిగా దొరకదు, ఒకటే కూత. ఎవరిదో చివరి రెండక్షరాలు చెవిని పడితే అవే తిరిగి పంపుతాను. మర్యాదస్తులు ఆగుతారు, ఆ ఒక్కరే మళ్లీ పిలుస్తారు. ఎంత బాగా వినబడుతున్నారో చెప్పే రిపోర్టులు ఇచ్చి పుచ్చుకోవడం, 73 చెప్పుకోవడం, అంతా అరనిమిషం. 73 అంటే శుభాకాంక్షలు, టెలిగ్రాఫ్ కాలం నాటి అలవాటు. తర్వాత ఇంకొకరు. చేతి తొడుగు తీసి రాసుకోవాలి, వేసుకుని వేళ్లు కాచుకోవాలి.

సూర్యుడి మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో 21 మెగాహెర్ట్జ్ బాగా తెరుచుకుంటుంది. అలాంటి ఒక శరదృతువు పొద్దున కిండర్ మీద ఆ గుంపులో ఒక వీయూ వినబడింది. డిడిడిడా, డిడిడా. తర్వాత అక్షరాలు సరిగ్గా దొరకడానికి మూడుసార్లు అడిగాను. బెంగళూరు. పెద్దగా మాట్లాడుకున్నది ఏమీ లేదు, అందరికీ ఇచ్చిన రిపోర్టే ఇచ్చాను. కాకపోతే దిగేటప్పుడు రైలు తప్పిపోయినా బాధ అనిపించలేదు.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను, తర్వాత ప్రశ్నలు. పిడుగు. కొండ కొన మీద ఆరేడు మీటర్ల కర్ర నిలబెట్టి, దానికి వైరు కట్టి, ఆ వైరు చివర మీరు కూర్చోవడం ఏమిటో ఆలోచించండి. మబ్బు కమ్ముతోందంటే, దూరంగా ఉరిమిందంటే, గుంపు ఎంతమంది పిలుస్తున్నా సరే, కర్ర దించి కిందికి రావాలి. ఒక్కోసారి ఉరుము లేకపోయినా వైరులోంచి చిటపట వినబడుతుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మబ్బులు పైన తయారవుతున్నాయని గుర్తు. మన తూర్పు కనుమల్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మరీ ప్రమాదం. పొద్దున్నే ఎక్కండి, పదకొండుకల్లా దిగడం మొదలుపెట్టండి. ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా. అడవి అయితే అటవీ శాఖ అనుమతి, నేవీ వాళ్ల చుట్టుపక్కల కొండలైతే అసలు వద్దు. లైసెన్సు కాపీ సంచీ పైఅరలో ఉంచుకోండి. కొండ మీద వైర్లు, హెడ్‌ఫోన్లు, టకటకలు చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజం. మీ లైసెన్సులో స్టేషన్ ఎక్కడెక్కడ పెట్టుకోవచ్చని రాసుందో కూడా ముందే చదువుకోండి.

అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, మోర్స్ రాకపోతే లైసెన్సు ఇవ్వరా?)

ఇస్తారు. ఇక్కడ రెండు గ్రేడులు, రిస్ట్రిక్టెడ్, జనరల్. మోర్స్ జనరల్‌కే. రిస్ట్రిక్టెడ్‌కి కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం నిబంధనలు చదివితే చాలు. 12 ఏళ్లు నిండితే రాయచ్చు. మీరంతా ఆలస్యమైపోయారు.

(ట్రెక్కింగ్ బృందంలో ఒకరు: అక్కా, ఒంటరిగా వెళతారా? మీ ఆయన రారా?)

వస్తారు. ఈడేల్‌లో రైలు దిగి టీ షాపు దాకా. అక్కణ్నుంచి ఆయన పుస్తకం ఆయనది, నా కొండ నాది. నిజానికి నేను పైన ఉన్నంతసేపూ ఆయన ఫోన్‌లో సోటా సైట్ చూస్తూనే ఉంటారు. నా పేరు కొత్తగా పడుతోందంటే నేను బాగానే ఉన్నట్టు. వాతావరణం సరిగా లేకపోతే మాత్రం ఒంటరిగా వెళ్లను, మంచులో దారి తప్పడం ఆ బల్లపరుపు మీద చాలా తేలిక.

(ఇంకో విద్యార్థి: రేడియో తెచ్చారా మేడమ్? ఒకసారి చూపిస్తారా?)

తేలేదమ్మా. ట్రాన్స్‌మిటర్‌ని ఈ దేశంలోకి తేవాలంటే ఇక్కడి లైసెన్సు కావాలి, నాది అక్కడి లైసెన్సు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి ఇదంతా మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. వైరు, ట్రాన్స్‌ఫార్మర్, కర్ర తెచ్చాను, ఆ టేబుల్ మీద ఉన్నాయి. పట్టుకుని చూడండి, కొలతలు రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. కర్ర మాత్రం ఇక్కడ విప్పకండి బాబూ, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వరండాలోకి పట్టుకెళ్లండి.